పేరు కలిసినంత మాత్రాన పూర్వీకుడు కాడు: అమెరికా సరిహద్దు కుటుంబాల వంశ పరిశోధనలో అపోహలు - వాస్తవాలు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో అపలాచియన్ కొండలు దాటి కెంటకీ, టెనెసీ ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాల వంశవృక్షాలను పరిశోధించడం నా వృత్తి. అమెరికా కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు కూడా ఇటీవల తమ మనవల కోసం ఈ పని మీద నా దగ్గరికి వస్తున్నారు. ఎవరు వచ్చినా చేతిలో దాదాపు ఒకే రకమైన కాగితం ఉంటుంది. అది అంతర్జాలంలో ఎవరో అల్లిన వంశవృక్షం. దాని చివర ఒక సైనికుడి పేరు ఉంటుంది. ఆ పేరు తమ పూర్వీకుడిది కాకపోవచ్చునని చెప్పవలసి రావడం నా పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం.

అపోహ: పేరు, ప్రాంతం, కాలం మూడూ కలిశాయి కాబట్టి ఆయనే మా పూర్వీకుడు.

వాస్తవం: ఈ రంగంలో ఇంతకంటే నష్టం కలిగించే పొరపాటు మరొకటి లేదు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఈ చిక్కు సులభంగానే అర్థం కావాలి. నలుగురు అన్నదమ్ములు తమ కొడుకులకు ఒకే తాత పేరు పెడితే, ఒకే కౌంటీలో (మన జిల్లా వంటి పాలనా విభాగం) ఒకే ఇంటిపేరుతో నలుగురు జాన్‌లో, నలుగురు విలియంలో పెరిగి పెద్దవారవుతారు. కౌంటీ గుమాస్తా వారిని వేరుగా గుర్తించడానికి ‘సీనియర్’, ‘జూనియర్’ అని రాసేవాడు. ఆ కాలంలో ఆ మాటలకు పెద్దవాడు, చిన్నవాడు అనే అర్థమే తప్ప, తండ్రీకొడుకులు కావాలన్న నియమం లేదు. పెద్దవాడు చనిపోయినా, ఊరు విడిచినా నిన్నటి జూనియరే నేటి సీనియర్ అయ్యేవాడు. ఈ ఒక్క సంగతి తెలియక ఒక తరం మొత్తాన్ని తప్పుగా అతికించిన వృక్షాలను నేను లెక్కలేనన్ని చూశాను.

కెంటకీకి వలసదారులను నడిపించిన ప్రసిద్ధ మార్గదర్శి డేనియల్ బూన్ సంగతే తీసుకుందాం. బూన్ ఇంటిపేరు ఉన్నవారు తాము డేనియల్ సంతతి అని నమ్మడం సహజమే. అయితే డేనియల్, రెబెకా దంపతుల 10 మంది సంతానంలో జేమ్స్ 1773లోను, ఇజ్రాయెల్ 1782 ఆగస్టు 19న బ్లూ లిక్స్ పోరులోను సంతానం లేకుండానే హతులయ్యారు. విలియం పసితనంలోనే పోయాడు. కాబట్టి బూన్ అనే ఇంటిపేరు తండ్రుల వరసలో డేనియల్ నుండి వచ్చిందని చెప్పాలంటే జెస్సీ, డేనియల్ మోర్గన్, నేథన్ అనే ముగ్గురిలో ఒకరి మీదుగా దారి చూపించాలి. ఆయన అన్నదమ్ముల సంతతి కూడా బూన్‌లే. ఆయన తండ్రి పేరు స్క్వయర్, తమ్ముడి పేరు కూడా స్క్వయరే. ఇంగ్లీషులో ఆ మాటకు ఊరి పెద్ద అనే అర్థం కూడా ఉంది, కానీ ఇక్కడ అది పదవి కాదు, పెట్టిన పేరు.

కొన్నేళ్ళ క్రితం ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తన పూర్వీకుడి సమాధి మీద సైనికుడని చెక్కించిన కొత్త శిలాఫలకం ఛాయాచిత్రంతో వచ్చారు. ఆమె అన్నగారికి జబ్బు ముదిరింది. ఆయన కళ్ళముందే వంశచరిత్రను పూర్తి చేయాలని ఆమె ఆరాటం. ఆ సైనికుడి పింఛను దస్త్రం తెప్పించి చూస్తే, యుద్ధం ముగిసిన నాటి నుండి నార్త్ కరోలినాలో అదే కౌంటీలో నివసిస్తున్నానని ఆయన 1832లో ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం ఉంది. ఆమె పూర్వీకుడేమో 1790ల నుండి కెంటకీలో ఏటేటా పన్ను కడుతున్నాడు. ఇద్దరూ ఒకరు కాలేరు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే మా ఆయన ఎవరండీ?” అని అడిగారు. ఆ ప్రశ్న నుండే నిజమైన పరిశోధన మొదలైంది.

ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి పేరు పనికిరాదు. చుట్టూ ఉన్నవారు పనికివస్తారు. భూమి అమ్మిన దస్తావేజులో భార్య తన హక్కు వదులుకుంటూ చెప్పిన పేరు, పొలం కొలిచినప్పుడు గొలుసు పట్టినవారు, హద్దులలో పేర్కొన్న వాగులు, పొరుగువారు, వీలునామాకు సాక్షులు, సంతకం చేశాడా, సంతకానికి బదులు గుర్తుగా గీత గీశాడా అన్న విషయం, పన్ను జాబితాలో గుర్రాల సంఖ్య - వీటన్నిటినీ ఏడాది వెంట ఏడాది పట్టికలో పేర్చుకుంటూ పోతే, ఒక్కడనుకున్నవాడు ఇద్దరుగా, ముగ్గురుగా విడిపోతాడు. సరిహద్దు కుటుంబాలు ఒంటరిగా కదలలేదు. వర్జీనియాలో పొరుగున ఉన్నవారే కెంటకీలోనూ పొరుగున కనిపిస్తారు.

అపోహ: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే అంతా తేలిపోతుంది.

వాస్తవం: వై క్రోమోజోమ్ తండ్రి నుండి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా వస్తుంది కాబట్టి ఫలానా పురుష వంశమని చెప్పగలదు; కానీ అన్నదమ్ములందరిదీ ఒకటే కనుక, డేనియల్ సంతతా, ఆయన తమ్ముడి సంతతా అన్నది మామూలుగా దానితో తేలదు. దాన్ని తేల్చేది మళ్ళీ దస్తావేజులే.

అపోహ: యుద్ధ దస్త్రాలు కాలిపోయాయి, ఇక ఏమీ దొరకదు.

వాస్తవం: 1800 నవంబరు 8న యుద్ధ శాఖ కార్యాలయం కాలిపోయిన మాట నిజమే. 1790 జనాభా లెక్కల్లో వర్జీనియా, కెంటకీ పత్రాలు నేడు లేవన్నదీ నిజమే. కానీ ఆశ వదులుకోవలసిన పని లేదు. వర్జీనియాలో 1782 నుండి ఆస్తిపన్ను జాబితాలు ఉన్నాయి. 1832 జూన్ 7 చట్టం కనీసం ఆరు నెలలు పనిచేసిన మిలీషియావారికి (స్థానిక పౌర దళాలవారికి) కూడా పింఛను ఇచ్చింది. అందుకోసం ముసలివారు న్యాయస్థానంలో నిలబడి ఎక్కడ పుట్టారో, ఎవరి దళంలో చేరారో, ఆ తరువాత ఎక్కడెక్కడ నివసించారో చెప్పారు. 1836 చట్టం కింద వితంతువులు తమ పెళ్ళిని రుజువు చేసుకోవలసి వచ్చినప్పుడు, కొందరు కుటుంబ బైబిల్‌లో జనన మరణాలు రాసుకున్న పుటలను చించి పంపారు. అవి నేటికీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. తిరస్కరించిన దరఖాస్తులను కూడా తప్పక చూడండి. పింఛను రాలేదంటే పనిచేయలేదని అర్థం కాదు.

అపోహ: ఆ కౌంటీలో పేరు లేదు, కాబట్టి అక్కడ నివసించలేదు.

వాస్తవం: మనిషి కదలకపోయినా కౌంటీ మారుతుంది. కెంటకీలో డేనియల్ బూన్ స్థాపించిన బూన్స్‌బరో 1775లో వర్జీనియాలోని ఫిన్‌కాసల్ కౌంటీ కింద ఉండేది. 1776 చివర ఏర్పడిన కెంటకీ కౌంటీలోకి, 1780లో లింకన్‌లోకి, 1785 చట్టంతో ఏర్పడిన మాడిసన్‌లోకి వెళ్ళింది. 1792లో కెంటకీ వేరే రాష్ట్రం కావడంతో రాష్ట్రమే మారింది. ఆ నాలుగు కౌంటీల దస్త్రాలూ వెతకాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. తమ పూర్వీకురాలైన ఒక అమ్మమ్మ చెరోకీ అనే ఆదివాసీ తెగ రాకుమారి అని చెప్పుకునే కథకు ఆధారం లేదు. చెరోకీలలో రాచరికమే లేదు. ఓడ దిగి అమెరికాలో వంశాన్ని మొదలుపెట్టిన ముగ్గురు అన్నదమ్ముల కథ దాదాపు ప్రతి ఇంటిలోనూ వింటాను, పత్రాలలో మాత్రం చాలా అరుదుగా కనిపిస్తుంది. ఇంగ్లండులో వారసుల కోసం ఆస్తి ఎదురుచూస్తోందని రుసుము అడిగేవారికి ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు. ఇంటిపేరుకు వంశ చిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉండదు. ఇంగ్లండులో దాన్ని వ్యక్తికే ఇచ్చేవారు.

ఆ ఉపాధ్యాయురాలి పూర్వీకుడికి సొంత భూమి లేదు. పన్ను జాబితాలలో ఒక గుర్రంతో మాత్రమే కనిపిస్తాడు. రెండేళ్ళ వెతుకులాట తరువాత అతని భార్య పేరు, ముగ్గురు పిల్లల పేర్లు నిలబడ్డాయి. తండ్రి పేరుకు ఆధారం దొరకలేదు. ఆమె అన్నగారికి పంపిన చివరి ప్రతిలో ఆ గడిని ఖాళీగానే ఉంచాను.