పాత లాంబ్రెటా: వీధిలో వినే అపోహలు, విప్పితే తెలిసే వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపూరు వైపు తెలుగు ఇళ్లలో వెనక వసారాలో గోనెపట్టా కప్పిన లాంబ్రెటా స్కూటరో విజయ్ సూపరో ఇప్పటికీ కనబడుతుంది. నాన్నగారిదో తాతగారిదో అయి ఉంటుంది. అమ్మడానికి మనసొప్పదు, నడపడానికి ధైర్యం చాలదు. ఈ మధ్య కుర్రాళ్లు వాటిని బయటికి లాగి ఇంట్లోనే బాగుచేసుకుంటున్నారు. సంతోషమే. చిక్కల్లా సలహాలతోనే. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ "ఇంజన్ దింపేయ్ బాబూ" అనేసి పోతాడు. ఈ బళ్ల మీదే బతుకుతున్న మెకానిక్‌గా నా మాట ఒకటే: దింపకముందు చూడాల్సినవి బోలెడున్నాయి. అవి చూస్తే చాలాసార్లు దింపే పనే పడదు.

"పొగ ఎక్కువొస్తోంది, బోర్ పోయింది, రీబోర్ చేయించాల్సిందే"

నేను ఎక్కువగా వినేది ఇదే, జనం ఎక్కువ డబ్బు తగలేసేదీ దీని మీదే. బోర్ అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, రీబోర్ అంటే దాన్ని మళ్లీ తొలిపించడం. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలిపోవాలి. కాబట్టి కొంత పొగ సహజం. ఫోర్ స్ట్రోక్ బండికి పొగ వస్తే రింగుల మీద అనుమానపడతాం. ఆ లెక్క దీనికి పనిచేయదు. బోర్ అరిగితే ముందుగా తెలిసేది కిక్కర్ దగ్గర: కాలు పెడితే అడ్డులేకుండా కిందికి దిగిపోతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది.

పొగకు ముందు చూడాల్సింది మిక్సింగ్, అంటే పెట్రోల్‌లో ఎంత ఆయిల్ కలిపారన్నది. తర్వాత సైలెన్సర్. ఏళ్ల తరబడి లోపల కార్బన్, జిడ్డు పేరుకుని ఉంటాయి. బండి వేడెక్కగానే ఆ జిడ్డు కాలి పొగ మొదలవుతుంది. మూడోది చాలామందికి తట్టదు. లాంబ్రెటాలో క్లచ్, లోపలి చైను, గేర్లు అన్నీ ఒకే గేర్ ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. 90 నంబరు ఆయిల్, సుమారు 700 ఎంఎల్. ఆ ఆయిల్‌కీ పిస్టన్ కింద ఉండే క్రాంక్ గదికీ మధ్య అడ్డం ఒక రబ్బరు సీల్ మాత్రమే. బండి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఆ రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు క్రాంక్ గది ఆ గేర్ ఆయిల్‌ని లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. తేల్చుకోవడం తేలికే. లెవెల్ స్క్రూ వరకు ఆయిల్ పోయండి, కొన్నాళ్లు నడపండి, మళ్లీ స్క్రూ విప్పి చూడండి. కింద నేల మీద చుక్క పడకుండా లెవెల్ తగ్గిందంటే దొంగ ఆ సీలే.

మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు ఉండే సీల్ పాడైతే కథ వేరు. అది గాలి పీలుస్తుంది. పొగ పెరగదు, పైగా తగ్గినట్టుంటుంది. రేస్ (యాక్సిలరేటర్) వదిలినా ఇంజన్ మోత వెంటనే దిగదు, ఐడిలింగ్ దానంతటదే పెరుగుతుంది. "పికప్ బాగా వచ్చింది మాస్టారూ" అని సంబరపడుతూ తెస్తారు కొందరు. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, అంటే సిలిండర్‌లో ఇరుక్కుపోతుంది. పొగ బండి కంటే నాకు ఈ బండంటేనే టెన్షన్. సీల్ ఖరీదు చిన్నదే, పట్టేసిన పిస్టన్ ఖరీదు చిన్నది కాదు.

"ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజన్‌కి అంత చలవ"

కార్బొరేటర్‌లో జెట్ అనే సన్నని రంధ్రం గుండా వెళ్లేది పెట్రోల్, ఆయిల్ కలిసిన ద్రవం. అందులో ఆయిల్ పెరిగితే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది. అంటే మిక్చర్ కొంచెం పలచబడి ఇంజన్ చల్లబడటానికి బదులు వేడెక్కుతుంది. ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్ పూడుకుపోతుంది. పాతకాలం ఆయిల్‌కి ఎక్కువ శాతం కలిపేవారు, ఆ అలవాటే ఇంకా నడుస్తోంది. లీటరుకు 20 ఎంఎల్ అంటే 2 శాతం, 40 అంటే 4 శాతం. కొత్తగా బోర్ చేసిన బండికి నేను 40 పోయిస్తాను, అది కుదురుకున్నాక ఇప్పటి మంచి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) 25 నుంచి 30 చాలు. విడిగా డబ్బాలో కలిపి పోయాలి. ట్యాంకులో పోసి బండి ఊపితే కలిసిపోతుందనుకోకండి.

మన వైపు వాళ్లు మరవకూడని మాట ఇంకొకటుంది. మోహన నుంచి బరంపురం వస్తూ తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు గేర్‌లోనే ఉంచి, రేస్ పూర్తిగా మూసేసి జారవిడుస్తారు. ఇంజన్ గిరగిరా తిరుగుతుంది, కానీ పెట్రోల్ రాదు కాబట్టి దాంతో వచ్చే ఆయిలూ రాదు. ఎక్కేటప్పుడు తట్టుకున్న పిస్టన్ దిగేటప్పుడు పట్టేస్తుంది. మలుపు మలుపుకీ ఒకసారి క్లచ్ పట్టుకుని కొద్దిగా రేస్ ఇవ్వండి.

"పక్కకి వంచి కిక్ కొడితేనే స్టార్ట్ అవుతుంది, అది స్కూటర్ గుణం"

స్కూటర్ నడిపిన ప్రతి ఇంట్లో చూసిన దృశ్యమే ఇది. వంచినప్పుడు కార్బొరేటర్‌లో ఫ్లోట్ పక్కకి ఒరిగి పెట్రోల్ పొంగుతుంది. లోపలికి ఎక్కువ పెట్రోల్ వెళ్తుంది కాబట్టి చల్లని ఇంజన్ అందుకుంటుంది. అంటే చోక్ చేయాల్సిన పని మీ నడుము చేస్తోంది. రోజూ వంచాల్సి వస్తోందంటే చోక్ వైరు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా స్లో జెట్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ట్యాంకు కింద ఫిల్టర్‌లో తుప్పు నిండి ఉంటుంది. కార్బొరేటర్ విప్పి, జెట్లను గాలితో ఊది శుభ్రం చేస్తే సరి. జెట్‌లో పిన్నీసు, తీగ గుచ్చకండి. రంధ్రం పెద్దదైతే మైలేజీ గోవిందా.

పెట్రోల్ సరిగా ఉండీ అందుకోకపోతే ప్లగ్‌కి నిప్పురవ్వ అందించే పాయింట్లు చూడండి. గ్యాప్ 0.35 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మ్యాగ్నెట్‌కున్న కిటికీలోంచే సరిచేయొచ్చు. మ్యాగ్నెట్ తీయక తప్పకపోతే పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) వాడండి, సుత్తి వద్దు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండికి నేను మొదట మార్చేది కండెన్సర్. ప్లగ్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లండి. మర పొడవు 12.7 మిల్లీమీటర్లవీ 19వీ రెండు రకాలుంటాయి. పొట్టి ప్లగ్ పట్టాల్సిన చోట పొడుగుది బిగిస్తే పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

"గేర్ జారుతోంది, గేర్ బాక్స్ అయిపోయింది"

అయిపోయి ఉండొచ్చు, కాదనను. లోపల గేర్లను పట్టే డాగ్ అంచులు అరిగితే జారుతుంది. కానీ హ్యాండిల్ నుంచి కిందికి వచ్చే గేర్ వైర్లు రెండూ సాగిపోయినా అచ్చం అలాగే జారుతుంది. గేర్ పైన మారినట్టు కనబడుతుంది, కింద సగమే పడుతుంది. సగం పడిన గేర్‌తో నడిపితేనే డాగ్ అంచులు అరిగేది. ముందు వైర్లు సరిచేయండి, పాతవైతే రెండూ మార్చండి. అప్పటికీ జారితే గేర్ బాక్స్ విప్పే మాట ఆలోచించొచ్చు.

"ఇది లక్నో డూప్లికేటు, ఇటలీది కాదు"

మిలాన్‌లోని ఇన్నోచెంటి కంపెనీ లాంబ్రెటా తయారీ మొదలుపెట్టింది 1947లో, ఆపేసింది 1971లో. ఆ తయారీ యంత్రాలను మన ప్రభుత్వం కొనుక్కుంది. 1972లో ఏర్పడిన స్కూటర్స్ ఇండియా లక్నోలో వాటితోనే బళ్లు చేసింది. ఇక్కడ విజయ్ సూపర్, విదేశాలకు లాంబ్రెటా జీపీ. కొలతలూ అవే. ఆ సంగతి పానా పెట్టినప్పుడు తెలుస్తుంది: ఇంజన్ సైడ్ కవర్ నట్లు 7 ఎంఎం మరవి, 11 నంబరు పానా పడుతుంది. మామూలు హార్డ్‌వేర్ షాపులో 7 దొరక్కపోతే "8 ట్యాప్ కొట్టేద్దాం" అంటారు, అంటే రంధ్రం పెంచి 8 ఎంఎం మర కోయడం. ఒప్పుకోకండి. అల్యూమినియం బాడీ పలచన, పగిలితే అతకడం కష్టం. లాంబ్రెటా సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర నుంచి కొరియర్‌లో తెప్పించుకోండి.

బండి ఒక పక్కకి లాగడం కూడా స్కూటర్ గుణమే అంటారు. ఇంజన్ కుడి పక్కన వేలాడే వెస్పా, పాత బజాజ్ విషయంలో ఆ మాటకు కొంత అర్థముంది. లాంబ్రెటా ఇంజన్ మధ్యలో ఉంటుంది. ఇది లాగితే ఫోర్కో, ఛాసిసో వంగిందని లెక్క.

సైడ్ డోర్లు తీసేసి నడిపితే నష్టం లేదు. సిలిండర్ చుట్టూ ఉండే రేకు కవర్ మాత్రం తీయకూడదు. మ్యాగ్నెట్ ఫ్యాన్ విసిరే గాలిని సిలిండర్ దాకా తెచ్చేది అదే. ఐడిలింగ్‌లో హెడ్‌లైట్ మసకబారడం రోగం కాదు. బ్యాటరీ లేని బళ్లలో కరెంటు మ్యాగ్నెట్ నుంచి నేరుగా వస్తుంది. వాట్లు తక్కువున్న బల్బు పెడితే మాత్రం రేస్ ఇచ్చినప్పుడల్లా మాడిపోతుంది.

పెట్రోల్ విషయంలో పాత సలహాలు ఇప్పుడు చెల్లవు. "ట్యాంకు నింపి పెట్టు, తుప్పు పట్టదు" అనేవారు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను లాగుతుంది. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే చోట, వానాకాలంలో, నెలల తరబడి నిలవుంటే నీరు అడుగుకి చేరి అక్కడే తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి. నడపని బండికి ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

పంక్చర్ వేసుకునేవాళ్లకు: రిమ్ము రెండు ముక్కలు. చక్రాన్ని హబ్‌కి పట్టే నట్లు వేరు, ముక్కలను కలిపే నట్లు వేరు. గాలి ఉండగా ఆ రెండో రకం విప్పితే ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. వాల్వ్ పిన్ తీసి, గాలి పూర్తిగా పోయాకే పానా పెట్టాలి.

కాగితాల మీదా ఒక అపోహ ఉంది: పాతది కాబట్టి వింటేజ్ (పురాతన వాహనం) కింద రిజిస్టర్ అవుతుందని. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బండిలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. 1980ల విజయ్ సూపర్‌కి మామూలు రెన్యువలే, అయిదేళ్లకోసారి. పాతపట్నం బావగారింటి నుంచి ఆంధ్రా నంబరు బండి తెచ్చి పర్లాకిమిడిలో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఆంధ్రా ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఒడిశా నంబరు వేయించుకోవాలి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో లేదో బండి కొనకముందే చూసుకోండి. ఇంజన్లు మార్చేసిన బళ్లు మన వైపు చాలానే తిరుగుతున్నాయి.