మాట జవదాటని పిల్లవాడు కాలువలో ఎందుకు దిగాడు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పిల్లల కౌన్సెలింగ్ చేసే నాకు తల్లిదండ్రులు పదేపదే వేసే ప్రశ్న ఒకటుంది: "మావాడు మా మాట జవదాటడండీ, మరి స్నేహితుల మాటకు ఎలా లొంగిపోయాడు?"

అపోహ: ఇంట్లో ఎదురు చెప్పని పిల్లలు బయట తోటివారి ఒత్తిడికి లొంగరు.

వాస్తవం: ఇంట్లో ఏనాడూ చెల్లని "వద్దు" అనే మాట, నలుగురు స్నేహితులు చుట్టుముట్టినప్పుడు హఠాత్తుగా నోటికి రాదు. గుర్తులు మార్చి ఒక సంగతి చెబుతాను. మూడో తరగతి పిల్లవాడు ఈత రాకపోయినా స్నేహితులు రమ్మన్నారని రైవస్ కాలువలో దిగితే, గట్టున బట్టలు ఉతుకుతున్న ఒకామె చేయి పట్టి పైకి లాగింది. ఎందుకు దిగావని అడిగితే, చాలాసేపు చెప్పు కొనతో గచ్చును రాస్తూ ఉండి, "వద్దంటే అమ్మకు కోపం వస్తుంది కదండీ, వాళ్లకూ వస్తుందనుకున్నాను" అన్నాడు. పక్కనే ఉన్న తల్లికి కన్నీళ్లు ఆగలేదు. ఆమెను తప్పుపట్టే మనసు నాకు లేదు, మనల్నీ అలాగే పెంచారు. కడుపు నిండి ఇంకో ముద్ద వద్దన్నప్పుడు, చుట్టానికి ముద్దు పెట్టనన్నప్పుడు ఆ మాటను మన్నించడమే మొదటి పాఠం. మందు మింగడం, బడికి వెళ్లడం వంటివి బేరానికి పెట్టనవసరం లేదు. "వద్దు" నేర్పితే పిల్లలు పెద్దలను లెక్కచేయరని వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు ఆధారమేమిటో పంపేవారెవరూ చెప్పరు. దయచేసి వాటిని మరొకరికి పంపకండి.

అపోహ: ఒత్తిడి హైస్కూల్లోనే మొదలవుతుంది.

వాస్తవం: మనస్తత్వవేత్తలు డేనియల్ హాన్, మైకేల్ టొమసెల్లో 2011లో ప్రచురించిన పరిశోధనలో నాలుగేళ్ల పిల్లల్లోనే చాలామంది, సరైన జవాబు కళ్లెదుట ఉన్నా, కనీసం ఒక్కసారైనా తోటివారు చెప్పిన తప్పు జవాబును చెప్పారు.

అపోహ: చెడు స్నేహాలు మాన్పిస్తే చాలు.

వాస్తవం: బడి మారినా గుంపు ఉంటుంది. 1950లలో మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ పెద్దలపై చేసిన ప్రయోగాల్లో, గుంపు తప్పు జవాబు చెబుతున్నా ఒక్కరు సరైన జవాబు చెప్పి తోడు నిలిస్తే గుంపుకు లొంగడం నాలుగో వంతుకు తగ్గింది. కాబట్టి మీ పిల్లవాడితో పాటు "నేనూ రాను" అనగల ఒక్క స్నేహితుణ్ణి వెతకండి.

అపోహ: ఒకసారి చెబితే గుర్తుంటుంది.

వాస్తవం: మనం చెబితే రాదు, పిల్లవాడి చేత పలికిస్తే వస్తుంది. కాలువలో దిగిన ఆ పిల్లవాడి తల్లినే స్నేహితుడిగా నటించమన్నాను. మొదటి రెండుసార్లు పిల్లవాడి గొంతు పెగలలేదు. మూడోసారి ఆమె "పిరికివాడా" అని వెక్కిరించినా, తలెత్తి "అయినా రాను, పద, క్రికెట్ ఆడుకుందాం" అన్నాడు. కారణాలు చెప్పనక్కరలేదని, కావాలంటే "మా అమ్మ ఒప్పుకోదు" అని నెపం తన మీద వేయమని చెప్పి, ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోన్ చేస్తే తిట్టకుండా ముందు వచ్చి తీసుకువెళతానని ఆమె మాట ఇచ్చింది. ఇక బెదిరించడం, డబ్బు గుంజడం వరకు వస్తే ఆ భారం పిల్లవాడి మీద వదలకుండా బడికి, అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కు మీరే చెప్పాలి.