ఒకే ఆపరేషన్, వేరే ఆసుపత్రి

పిత్తాశయాన్ని లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి, తొలగించేటప్పుడు సర్జన్ ఎక్కడ నిలబడాలి? అమెరికన్ పద్ధతిలోనైతే రోగికి ఎడమవైపు. ఫ్రెంచి పద్ధతిలో రోగి కాళ్లను ఎడంగా ఉంచి, వాటి మధ్య. పొట్టమీద చేసే రంధ్రాల స్థానాలు కూడా దానికి తగ్గట్టే మారతాయి. మొదటి పద్ధతి నడిచే ఆసుపత్రిలో ఆరు నెలలు గడిపి, చేతులు కాస్త కుదురుకున్న రెసిడెంట్, అంటే సర్జరీ నేర్చుకుంటున్న డాక్టరు, రెండో పద్ధతి నడిచే చోటికి వచ్చిందనుకోండి. అవే పరికరాలు, అదే అవయవం. అయినా మొదటి వారం ఆమె చేతులు ఆమె మాట వినవు. పాత ప్రొఫెసర్ పట్టుబట్టి చేయించిన పనుల్లో సగం ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. రోగులు మాత్రం అక్కడా ఇక్కడా కోలుకుని ఇంటికి వెళ్తూనే ఉన్నారు.

సర్జరీ నేర్చుకునేవాళ్లను ఆసుపత్రులు ఎందుకు తిప్పుతారని అడిగితే వచ్చే మామూలు జవాబు కేసుల లెక్క. పెద్ద రిఫరల్ ఆసుపత్రికి అరుదైన, చిక్కైన కేసులు వస్తాయి. అక్కడ రెసిడెంట్ కోసిన చోటును తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని చూసేదే ఎక్కువ. చిన్న ఆసుపత్రికి హెర్నియాలు, అపెండిక్సులు వస్తాయి. అక్కడ కత్తి ఆమె చేతికి దొరుకుతుంది. ఈ జవాబులో తప్పేమీ లేదు. అమెరికాలో జనరల్ సర్జరీ బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే ఐదేళ్లలో కనీసం 850 ఆపరేషన్లు, వాటిలో 200 చివరి ఏడాదిలో, చేసి ఉండాలి. అన్ని రకాలూ ఒక్క కప్పు కింద దొరకడం కష్టం. నాకు మాత్రం అసలు చదువు ఆ మొదటి వారపు తికమకలోనే ఉందనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ తికమకకు చోటే లేదు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో తెరుచుకున్నాక విలియం హాల్‌స్టెడ్ అక్కడ సర్జన్ల శిక్షణకు ఒక రూపం ఇచ్చాడు. జర్మనీ, ఆస్ట్రియాల్లో చూసి వచ్చిన గురుశిష్య పద్ధతే దానికి ఆధారం. రెసిడెంట్ అంటే నిజంగానే ఆసుపత్రిలో కాపురముండేవాడు. శిక్షణకు గడువు లేదు, గురువు చాలనేదాకా సాగేది. కింద చాలామంది చేరేవారు, పైకి చేరేది ఒకరిద్దరే. ఆ పిరమిడ్ తర్వాత కూలిపోయింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ చర్చిల్ దాన్ని దీర్ఘచతురస్రం చేశాడు, అంటే చేరినవాళ్లంతా పూర్తి చేసే వీలు కల్పించాడు. కానీ హాల్‌స్టెడ్ శిష్యుడికి ఒక సౌకర్యం ఉండేది: గురువు చేసినట్టు చేస్తే చాలు. గురువు చేతిలో ఏది శాస్త్రమో, ఏది అలవాటో విడదీయాల్సిన అవసరం అతనికి రాలేదు.

ఇప్పటి రెసిడెంట్‌కు వస్తుంది. బ్రిటన్‌లో సర్జరీ ట్రైనీ ఒక ప్రాంతంలోని ఆసుపత్రుల మధ్య ఆరు నెలలకో ఏడాదికో మారుతూ ఉంటుంది. కెనడాలో కొందరు పరిశోధకులు ఈ తేడాల మీదే దృష్టి పెట్టారు. ప్రతి సర్జన్ దగ్గరా కొన్ని సూత్రాలు, కొన్ని ఇష్టాలు ఉంటాయి. చిక్కేమిటంటే ఆ రెంటి మధ్య గీతను ఒక్కొక్కరు ఒక్కోచోట గీస్తారు. ఒకరి ఇష్టం ఇంకొకరికి సూత్రం. గురువు రెంటినీ ఒకే గొంతుతో చెబుతాడు కాబట్టి ఒకే చోట ఉన్నంతకాలం తేడా వినిపించదు.

పిత్తాశయం దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఈ ఆపరేషన్‌లో అందరూ భయపడే పొరపాటు ఒకటుంది. పిత్తాశయం నుంచి వచ్చే చిన్న నాళం అనుకుని, కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని తీసుకెళ్లే ప్రధాన నాళాన్ని కత్తిరించడం. దీన్ని తప్పించడానికి స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ బృందం 1995లో మూడు షరతులు చెప్పింది. ఆ చిన్న నాళానికీ, ప్రధాన నాళానికీ, కాలేయానికీ మధ్య ఉన్న త్రికోణంలో కొవ్వునూ పీచు కణజాలాన్నీ పూర్తిగా తొలగించాలి. పిత్తాశయం కింది మూడోవంతును కాలేయం నుంచి విడదీయాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండంటే రెండే, ఒక నాళం, ఒక రక్తనాళం, కళ్లెదుట కనిపించాలి. అప్పుడే వాటికి క్లిప్పు పెట్టి కత్తిరించాలి. సర్జన్ ఎడమవైపు నిలబడినా, కాళ్ల మధ్య నిలబడినా ఈ మూడూ మారవు. నిలబడే చోటు మారాక కూడా మారకుండా మిగిలినవేమిటో చూసుకున్న రెసిడెంట్‌కు ఇవి మనసుకెక్కుతాయి. పాఠ్యపుస్తకంలో చదివినప్పుడు ఇవి కూడా ప్రొఫెసర్ చెప్పిన పాతిక విషయాల్లో మూడు మాత్రమే.

ఆసుపత్రి మారినప్పుడు బయటపడే రహస్యం ఇంకొకటి ఉంది. అది కాస్త చేదు. ఎదురుగా నిలబడి సహాయం చేసే సీనియర్ కణజాలాన్ని సరైన దిశలో, సరైన బిగువుతో లాగి పట్టుకుంటాడు. ఎక్కడ కోయాలో ఆ బిగువే చూపిస్తుంది. కత్తెర రెసిడెంట్ చేతిలో ఉన్నా ఆపరేషన్ నడుస్తున్నది సీనియర్ ఎడమచేత్తో. పొరలు వాటంతటవే విడిపోతుంటే నాకు వచ్చేసిందని ఆమె అనుకుంటుంది. కొత్తచోట ఎదురుగా తనకంటే జూనియర్ నిలబడ్డ రోజున పొరలు విడిపోవు. ఎటు లాగమంటారని ఆ కుర్రవాడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు తనకు తెలియదని ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

అందుకే అమెరికాలో వాడే ఒక కొలబద్ద, జ్విష్ స్కేలు, రెసిడెంట్ ఎంత బాగా చేసిందని కాక సీనియర్ ఎంత చేశాడని అడుగుతుంది. దానిలో నాలుగు మెట్లు. చేసి చూపించాడా, చెయ్యి పట్టి నడిపించాడా, ఆమె నడుపుతుంటే అనుసరించాడా, ఊరికే కనిపెట్టుకుని ఉన్నాడా. చాలా తెలివైన కొలత ఇది.

తిప్పడంలో నష్టం లేదని కాదు. కొత్త ఆసుపత్రిలో ఆమెను ఎవరూ ఎరగరు. నిన్న మూడో మెట్టు మీదున్న మనిషిని ఇవాళ రెండో మెట్టు మీద నిలబెడతారు. నమ్మకం కుదిరేసరికి మళ్లీ బదిలీ. 2003 నుంచి అమెరికాలో రెసిడెంట్ల పనివేళలకు వారానికి సగటున 80 గంటల హద్దు పడింది. యూరప్‌లో అది 48. కలిసి పనిచేసే వేళలు తగ్గితే నమ్మకానికి పట్టే రోజులూ పెరుగుతాయి.

ఆసుపత్రితో పని లేని నేర్పు కొంత ఉంది. దాన్ని పెట్టెలో నేర్పించవచ్చు. లాపరోస్కోపీలో పొట్ట గోడ ఇరుసులా అడ్డొస్తుంది: చెయ్యి ఎడమకు జరిపితే పరికరం మొన కుడికి పోతుంది. మెదడు దీనికి అలవాటు పడాలంటే చేయాలి తప్ప వినడం వల్ల రాదు. శిక్షణ పెట్టెలో ఆరు చిన్న వస్తువులను ఎడమచేతి పరికరంతో మేకు మీంచి తీసి, గాలిలోనే కుడిచేతికి మార్చి, అవతలి మేకుకు తొడగాలి. తర్వాత వెనక్కి. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది, మొదటిసారి చేస్తే చెమటలు పడతాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది రెసిడెంట్లతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుగా కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సాధన చేసినవాళ్లు పిత్తాశయాన్ని కాలేయం నుంచి 29 శాతం వేగంగా విడదీశారు. సాధన చేయనివాళ్లు దాన్ని గాయపరిచే, పక్క కణజాలాన్ని కాల్చే అవకాశం ఐదు రెట్లు. అయితే ఎటు లాగమంటారని అడిగే కుర్రవాడు ఏ పెట్టెలోనూ ఉండడు.

శిక్షణ ముగిశాక ఆమె సొంతంగా మొదటి పిత్తాశయం తీసే రోజు వస్తుంది. థియేటర్ నర్సు అడుగుతుంది: “టేబుల్ ఎలా సర్దమంటారు మేడమ్, కాళ్లు ఎడంగానా, దగ్గరగానా?” ఆమె రెండు క్షణాలు ఆలోచించి ఏదో ఒకటి చెబుతుంది. పక్కన నిలబడ్డ మొదటి ఏడాది రెసిడెంట్ దాన్ని సూత్రమనుకుని రాసుకుంటాడు.