భోగాపురం: 30.2 శాతం ఏమైంది?

భోగాపురం విమానాశ్రయం మాటెత్తితే చాలు, ఘనత ఎవరిదన్న గొడవ మళ్లీ మొదలవుతోంది. 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసింది మేమని ఒకరు, 2023 మేలో పనులు మొదలుపెట్టించింది మేమని ఇంకొకరు. ఈ సందట్లో పాత ప్రశ్న ఒకటి పైకి తేలింది: మొదటి టెండర్ గెలిచింది వేరేవాళ్లు కదా, వాళ్లేమయ్యారు? భూసేకరణ కథ, ఊళ్లు ఖాళీ చేసిన కథ ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. దాన్ని పక్కనపెట్టి నేరుగా 2017కి వెళ్దాం.

రోడ్డు పనికి తక్కువ కోట్ చేసినవాడు ఎల్‌1, పని అతనిదే. భోగాపురం మొదటి టెండర్‌లో లెక్క తిరగేసి ఉంది. వచ్చే ఆదాయంలో ప్రభుత్వానికి ఎవరు ఎక్కువ వాటా ఇస్తే వాళ్లదే పని. కేంద్ర సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 30.2 శాతం ఇస్తానంది. ప్రైవేటు కంపెనీ జీఎంఆర్ 21.6 దగ్గర ఆగింది. 2018 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ టెండర్‌నే రద్దు చేసింది. విమానాల మరమ్మతు కేంద్రం లాంటివి కూడా కలిపి పెద్ద ప్రాజెక్టుగా పిలుస్తామన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

రద్దును తప్పుపట్టేవాళ్ల వాదన కాస్త నిదానంగా వినాలి. విశాఖలో నేవీ రన్‌వే పక్కన పౌర విమానాల టెర్మినల్ నడుపుతున్నది ఈ అథారిటీయే. అనుభవం లేదనడానికి లేదు. అదనపు హంగులు కావాలంటే ఎక్కువ కోట్ చేసినవాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. నాగపూర్ విమానాశ్రయం టెండర్‌లో జరిగింది అదే. అక్కడ జీఎంఆర్ మొదట 5.76 శాతం అంటే, బేరమాడి 14.49కి తెచ్చారు. భోగాపురంలో ఆ బేరమే లేకుండా పలక తుడిచేశారు. పైగా అథారిటీకి పైనున్న పౌర విమానయాన శాఖకు అప్పట్లో మంత్రి మన విజయనగరం ఎంపీయే, మాట్లాడటం కష్టమేమీ కాదు.

రెండో టెండర్‌లో కొలబద్దే మారిపోయింది. ఆదాయంలో వాటా పోయి, ఒక్కో ప్రయాణికుడికి ప్రభుత్వానికి ఇన్ని రూపాయలు ఇస్తామన్న లెక్క వచ్చింది. జీఎంఆర్ 303 రూపాయలతో గెలిచింది. 30.2 శాతం ఎక్కువా, 303 రూపాయలు ఎక్కువా? సేరునీ గజాన్నీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదంటే ఏం చెప్తాం! నా దృష్టిలో కథంతా ఇక్కడే మలుపు తిరిగింది. ప్రభుత్వానికి నష్టం వచ్చిందని కోర్టులో చూపించాలన్నా ముందు ఒకే కొలత ఉండాలి కదా. పైగా గెలిచింది రాజాం మూలాలున్న కంపెనీ. మనోళ్లకే వచ్చిందిలే అన్న తృప్తిలో ఇక్కడ గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

అదే జీఎంఆర్‌కు 2020లో నాగపూర్‌లో దెబ్బ తగిలింది. గెలిచిన టెండర్‌ను అక్కడి సంస్థ రద్దు చేసింది. కంపెనీ ఊరుకోలేదు. 2021 ఆగస్టులో బాంబే హైకోర్టు రద్దును కొట్టేసింది, 2022 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. అయితే అక్కడ కంపెనీ చేతిలో, పని మీదేనని రాసిచ్చిన అవార్డు లేఖ ఉంది. భోగాపురంలో అథారిటీ వ్యవహారం ఒప్పందం దాకా రాకముందే తెగిపోయింది.

కోర్టు తలుపు తెరిచే ఉంటుంది గానీ గడప ఎత్తు పెరుగుతూ వచ్చింది. 1979లో బొంబాయి విమానాశ్రయం రెస్టారెంట్ టెండర్ కేసులో, తాను పెట్టిన నిబంధనను ప్రభుత్వ సంస్థే దాటకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చెప్పీ పిటిషనర్‌కు మాత్రం ఏమీ దక్కలేదు. ఆలస్యంగా వచ్చాడు, అప్పటికే అవతలివాళ్లు డబ్బు పెట్టేశారు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణతో రోడ్లు, ఓడరేవులు, విమానాశ్రయాల పనులు ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) ఇవ్వకూడదని చట్టంలోనే రాశారు. అది అమల్లోకి వచ్చింది అక్టోబర్ 1న, అంటే భోగాపురం మొదటి టెండర్ పోయిన ఏడాదే.

చిన్న కాంట్రాక్టర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అర్హతలు చూసే టెక్నికల్ బిడ్‌లో డిస్‌క్వాలిఫై అని స్క్రీన్ మీద కనిపించిన సాయంత్రమే పరుగు మొదలు. అనుభవ పత్రాలు, ఈఎండీ (టెండర్ ధరావతు) రసీదు ప్రింట్ తీయించి, రాత్రి రైలెక్కి విజయవాడలో దిగి, అక్కడి నుంచి నేలపాడు హైకోర్టుకు పోవాలి. ఈలోగా ఇక్కడ ఎల్‌1తో అగ్రిమెంట్ అయిపోయి, జేసీబీ దిగిందంటే ఇక కేసులో పస ఉండదు. ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్) ఆఫీసు వరండాలో ఎవరిని కదిపినా టెన్షన్ అంతా ఆ రెండు మూడు రోజుల గురించే.

2020 జూన్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యే నాటికి భోగాపురం విస్తీర్ణం 2,703 ఎకరాల నుంచి 2,203కి తగ్గింది. 500 ఎకరాలు మిగిల్చామని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. రెండో టెండర్‌లో ఓడినవాళ్లు మాత్రం తమ రేటు కట్టింది 2,703 ఎకరాల లెక్కకే.