ఖమ్మం టీకా వివాదం: మరణాల వెనుక మరుగున పడ్డ సంతకాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మాట బడుల దాకా వచ్చిన ప్రతిసారీ ఖమ్మం పేరు కూడా వెంట వస్తుంది. 'అక్కడ ఆడపిల్లలు చనిపోయారు' అన్న సందేశం ఫోన్లలో తిరుగుతుంది. 'ఆ మరణాలకూ టీకాకూ సంబంధం లేదని ఎప్పుడో తేలింది' అని అధికారులు జవాబిస్తారు. ఈ వాదన ఏళ్ల తరబడి ఇక్కడే తిరుగుతోంది. మరణాల చుట్టూ జరిగే ఈ గొడవలో అసలు తప్పు జరిగిన చోటు మాత్రం ఎవరికీ కనబడడం లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి, టీకా పనిచేసే తీరు గురించి ఇప్పటికే కావలసినంత సమాచారం ఉంది. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది కొత్తగా ఈ జబ్బు బారిన పడుతున్నారు, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. కాబట్టి టీకా అవసరమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తేల్చుకోవలసిందల్లా 2009 జులైకీ 2010 ఏప్రిల్‌కీ మధ్య అప్పటి ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందన్నదే.

అమెరికాకు చెందిన 'పాత్' అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఆ పథకం నడిపాయి. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా మూడు డోసులు వేయాలన్నది ప్రణాళిక. గుజరాత్‌లోని వడోదరలో మరో 10 వేల మందికి సెర్వారిక్స్ అనే ఇంకో కంపెనీ హెచ్‌పీవీ టీకా. అప్పటికే దేశంలో అనుమతి పొందిన టీకాలే కాబట్టి ఇది ప్రయోగం కాదని, టీకాను జనంలోకి ఎలా తీసుకెళ్లాలో చూసే ప్రదర్శన పథకం మాత్రమేనని నిర్వాహకులు చెప్పారు. మనుషులపై పరిశోధనకు వర్తించే నియమాలన్నీ దీనికి వర్తిస్తాయా అన్న చిక్కు అక్కడే పుట్టింది. టీకా కార్డుల మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు ఉండడంతో, తల్లిదండ్రుల కంటికి ఇది పోలియో చుక్కల్లాంటి ప్రభుత్వ కార్యక్రమంగానే కనిపించింది.

ఈ కథనంతా మలుపు తిప్పింది సమ్మతి పత్రం. టీకా వేయించుకున్న వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. తల్లిదండ్రులు ఎక్కడో ఊళ్లో ఉంటారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి వివరించి సంతకం తీసుకోవాలంటే నెలలు పడుతుంది. ఆ శ్రమ లేకుండా హెడ్మాస్టర్లు, వార్డెన్లే సంరక్షకుల హోదాలో సంతకం చేయవచ్చని రాష్ట్ర అధికారులు అనుమతించారు. తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం పరిశీలనలో తేలిన లెక్క ఇది: ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు వేసినవి. రెండూ కలిపితే ఇంచుమించు సగం.

వేలిముద్ర దానికదే తప్పు కాదు. చదువురాని తల్లికి కాగితంలో ఏముందో చదివి చెప్పాలి, పథకంతో సంబంధం లేని సాక్షి ఆ మాట ధ్రువపరచాలి. వార్డెన్ సంతకం సంగతి వేరు. హాస్టల్లో పిల్ల అన్నం, పడక, చదువు అన్నీ వార్డెన్ చేతిలోనే ఉంటాయి. పైఅధికారి ఆదేశాన్ని అమలు చేయవలసిన ఉద్యోగీ ఆయనే, ఆ పిల్ల తరఫున వద్దనగలిగిన సంరక్షకుడూ ఆయనే అయినప్పుడు వద్దనే గొంతు ఎక్కడిది? పైగా పరిశోధనల్లో తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఊహ తెలిసిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలని 2006 మార్గదర్శకాల్లో రాసింది సాక్షాత్తూ వైద్య పరిశోధన మండలే. ఆ మండలే ఈ పథకంలో భాగస్వామి.

2010 మార్చిలో 'సమా' అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం భద్రాచలం వెళ్లి బాలికలతో మాట్లాడింది. కడుపునొప్పి, తలనొప్పి, నీరసం, తొందరగా రజస్వల కావడం, అధిక రక్తస్రావం, తట్టుకోలేని నెలసరి నొప్పి గురించి కొందరు చెప్పారు. పత్రికలు మరణాలను పట్టుకున్నాయి కానీ, ఈ మాటలను పెద్దగా పట్టించుకోలేదు.

నా దృష్టిలో పరిశోధనగా ఈ పథకం డొల్లతనం బయటపడింది ఇక్కడే. 10 నుంచి 14 ఏళ్లు సరిగ్గా రజస్వల అయ్యే వయసు. మొదటి ఒకటి రెండేళ్లు నెలసరి క్రమం తప్పడం, ఎక్కువ తక్కువలు ఉండడం మామూలే. కాబట్టి బాలికలు చెప్పినవి వయసు వల్ల వచ్చినవి కావచ్చు, రక్తహీనత వల్ల కావచ్చు. తేల్చాలంటే మొదటి సూదికి ముందే ప్రతి బాలికనూ అడిగి రాసుకుని ఉండాలి: రజస్వల అయిందా, ఎన్ని రోజులకు వస్తోంది, నొప్పి ఎంత? టీకా వేయించుకోని తోటి బాలికలతో పోల్చి చూడాలి. ఆ పోలికకు కావలసిన లెక్కలేవీ లేకపోవడంతో బాలికల మాటను ఎవరూ రుజువు చేయలేకపోయారు. కొట్టిపారేయడానికీ ఆధారం లేకపోయింది.

జపాన్‌లో ఇలాంటి ఆరోపణలే వచ్చినప్పుడు నగోయా నగరపాలక సంస్థ 2015లో టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ ప్రశ్నావళి పంపింది. దాదాపు 30 వేల మంది జవాబిచ్చారు. నెలసరి ఇబ్బందులు సహా 24 లక్షణాలను పోల్చి చూస్తే టీకాతో చెప్పుకోదగిన సంబంధం కనిపించలేదు. అడిగి తెలుసుకున్నారు కాబట్టి అక్కడ జవాబు దొరికింది.

ఇక మరణాలు. ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. నీట మునగడం, పాముకాటు, మలేరియా, రెండు ఆత్మహత్యలు వాటి కారణాల్లో ఉన్నాయి. మిగిలిన రెంటికి కారణం అంత స్పష్టంగా తేలలేదు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని నిలిపేసింది. విచారణ కమిటీ 2011లో ఇచ్చిన నివేదికలో మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని చెబుతూనే, సమ్మతి విషయంలో లోపాలున్నాయని ఒప్పుకుంది. అధికారులు మొదటి సగాన్నే పదే పదే ఉటంకిస్తారు. 2013 ఆగస్టులో స్థాయీ సంఘం ఇంకా కటువుగా మాట్లాడింది: ఇది బాలికల మానవ హక్కుల ఉల్లంఘన అంది, టీకా కంపెనీల వ్యాపార ప్రయోజనమే దీని లక్ష్యమని అభిప్రాయపడింది. పాత్ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది మాత్రం పార్లమెంటరీ సంఘం నివేదికను కోర్టు పరిశీలించవచ్చా అన్న ప్రశ్ననే. పరిశీలించవచ్చంది.

ఈ కథలో ఎవరూ ఊహించని పాయ ఇంకొకటి ఉంది. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దేశంలో తొమ్మిది చోట్ల మరో అధ్యయనం నడుపుతోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. 2010 ఏప్రిల్ నిషేధం దానినీ ఆపేసింది. అప్పటికి చేరిన 17,729 మంది అవివాహిత బాలికల్లో సుమారు 5 వేల మంది ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పరిశోధకులు వారిని వదిలేయకుండా ఏళ్ల తరబడి పరిశీలించారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం హెచ్‌పీవీ-16, హెచ్‌పీవీ-18 అనే రెండు రకాల వైరస్‌లు శరీరంలో తిష్ఠ వేయకుండా ఒక్క డోసే 95.4 శాతం కాపాడింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలన్న వైఖరికి రావడానికి ఆధారాల్లో ఇదొకటి. ఖమ్మం గొడవ వల్ల ఆగిన అధ్యయనమే నేటి ఒక్క డోసు విధానానికి ఊతమైంది.

నియమాలు ఆ తర్వాత గట్టిపడ్డాయి. పిల్లలపై పరిశోధనకు 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు 7 నుంచి 12 ఏళ్ల వారి అంగీకారం నోటిమాటగా, ఆపైన 18 లోపు వారిది రాతపూర్వకంగా తీసుకోవాలన్నాయి. అయితే ఇవన్నీ పరిశోధనకు. ప్రభుత్వ టీకా కార్యక్రమం వాటి పరిధిలోకి రాదు. 2018లో సిక్కిం ప్రభుత్వం 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు బడుల్లోనే ఈ టీకా వేసింది. ముందుగా టీచర్లతో, వైద్యులతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. లక్ష్యంలో 95 శాతానికి పైగా టీకా అందింది. చెప్పి చేస్తే జనం వద్దంటారన్న భయానికి ఆధారం లేదని ఆ చిన్న రాష్ట్రం చూపించింది.

ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడపిల్లల గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు 2009 కంటే ఇప్పుడు ఎక్కువే. ఇంటి నుంచి బడికి వచ్చే పిల్ల చేతికి కాగితమిచ్చి పంపితే మర్నాటికి సంతకంతో వస్తుంది. హాస్టల్ పిల్ల కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి, టీకా తర్వాత నెలసరి తేడా వస్తే ఆమె ఎవరికి చెప్పాలి, ఆ మాటను ఎవరు ఏ రిజిస్టరులో రాయాలి? ఖమ్మం పేరెత్తగానే మరణాల లెక్కతో జవాబు చెప్పే అధికారులు ముందుగా చూపించవలసినవి ఆ సమ్మతి పత్రమూ, ఆ రిజిస్టరే.