పాత సైకిలు తుప్పు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పాత సైకిళ్లు బాగుచేయడం నా పని. తాతగారి సైకిలు తెచ్చి, "కొత్తదానిలా చేసిపెట్టండి" అని అడిగేవాళ్లే ఎక్కువ. కొత్తది కావాలంటే కొత్తదే కొనుక్కోవచ్చు కదా అని పైకి అనలేను. అందుకే తరచుగా వినే అపోహలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సైకిలు పాతదైంది కాబట్టి తుప్పు పట్టింది.

వయసు కన్నా మన గాలిలోని ఉప్పే పెద్ద కారణం. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే కరిగిపోతుంది. చినవాల్తేరులో సముద్రం వైపు వరండాలో ఉన్న సైకిలు వాన చుక్క పడకపోయినా రాత్రంతా ఉప్పునీటిలో తడుస్తున్నట్టే లెక్క. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది తుప్పుతో కాదు, మంచినీళ్లతో. సబ్బు నీళ్లతో కడిగి వెంటనే పొడిగా తుడవాలి. తీరం దగ్గర కొన్ని బోర్లలో నీరు ఉప్పగా ఉంటుంది, కుళాయి నీళ్లే వాడండి. ఉప్పు మిగిలి ఉండగా పైన ఏది పూసినా కొన్నాళ్లకు పొక్కులు లేస్తుంది.

అపోహ: ఉప్పు కాగితంతో (శాండ్‌పేపరుతో) గీకితేనే తుప్పు వదులుతుంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. గీకితే తుప్పుతో పాటు పాత రంగు, కంపెనీ అక్షరాలు, సన్నటి బంగారు గీతలు కూడా పోతాయి. అవి పోయాక అసన్‌సోల్‌లో తయారైన సేన్-ర్యాలీ అయినా, అంబత్తూరు హెర్క్యులిస్ అయినా ఒక్కలాగే కనిపిస్తాయి. గ్రైండరు పెడితే ఇంకా నష్టం. ఫ్రేము నంబరు అరిగిపోతుంది. వెనక చక్రం మధ్యలో మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు ఉంటే దాని మీద తయారైన సంవత్సరం అచ్చు గుద్ది ఉంటుంది, అదీ చెరిగిపోతుంది.

గీకే బదులు ఆక్సాలిక్ ఆమ్లం వాడండి. అది తుప్పును కరిగిస్తుంది, ఇనుము జోలికి పెద్దగా పోదు. లీటరు నీటికి 20-30 గ్రాములు ప్లాస్టిక్ బకెట్టులో కలపండి. విడదీసిన భాగాలను అందులో నానబెట్టవచ్చు. ఫ్రేముకైతే తడి గుడ్డ చుట్టి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కట్టి, గంటకోసారి విప్పి చూడాలి. ముందు పెడళ్ల గొట్టం అడుగున, కనపడని చోట పరీక్షించండి. వార్నిష్ పోయిన అక్షరాల మీదకు రానివ్వకండి. అల్యూమినియం భాగాలను ముంచకండి. తుప్పు వదిలాక వంటసోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆక్సాలిక్ ఆమ్లం విషం. చేతి తొడుగులు తప్పనిసరి, పొడి పీల్చకూడదు, పిల్లలకు అందకూడదు.

అపోహ: హ్యాండిల్, రిమ్ములు మెరవాలంటే బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చాలు.

ఆ యాసిడ్ క్రోమ్ పూతనే తినేస్తుంది. దాని ఆవిరికి అదే గదిలోని మిగతా ఇనుప సామాను కూడా తుప్పు పడుతుంది. క్రోమ్ మీది గోధుమ చుక్కలకు వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండగా నలిపి, నీళ్లలో ముంచి రుద్దితే చాలు. రేకు క్రోమ్ కన్నా మెత్తన, గీతలు పడవు. పూత ఊడిపోయిన చోట మాత్రం ఏదీ తిరిగి రాదు.

అపోహ: కిరోసిన్ పూస్తే మళ్లీ తుప్పు రాదు.

బిగుసుకున్న నట్లు వదులు కావడానికి పనికొస్తుంది. ఆరిపోయాక కాపాడేదేమీ ఉండదు. రంగు మీద కార్లకు వాడే మైనం, క్రోమ్ మీద పల్చగా గ్రీజు పూయండి. జూన్‌లో వానలకు ముందు ఒకసారి, అక్టోబరు తుపాన్ల కాలానికి ముందు మరోసారి.

అపోహ: పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడితో అతికించే పూత) చేయిస్తే పాత అందం తిరిగొస్తుంది.

రాదు. మందంగా పడి గొట్టాల అతుకుల అంచులను మూసేస్తుంది. పాత నలుపు మాసినా సరే, నేను దాన్నే ఉంచమంటాను.

అపోహ: అలాగైతే తుప్పు ముట్టుకోకపోవడమే అసలుతనం.

ఇది ఈమధ్య ఎక్కువైంది. పైపైన గోధుమరంగు మచ్చ ఉంటే సరే, లోపల తినేస్తున్న తుప్పును మాత్రం వదలకూడదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును బయటకు తీసి, దాని నిలువు గొట్టం కింద కాళ్లు కలిసే చోట చూడండి. అక్కడ గుంటలు పడి గోడ పల్చబడితే ఆ ఫోర్కుతో తొక్కవద్దు. సీటు గొట్టం లోపలికి నీళ్లు దిగాయేమో చూసి, ఆరబెట్టి, నూనె పోసి ఫ్రేమును అటూ ఇటూ తిప్పండి. తీసేసిన పాత ఫోర్కును పాత సామానువాడికి వేయకుండా, ఫ్రేము నంబరు రాసిన చీటీ కట్టి ఇంట్లోనే ఉంచండి.