పాతకాలం వంటలు: కౌంటర్ దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కూకట్‌పల్లిలో మాదో చిన్న కర్రీ పాయింట్. వారమంతా దొండకాయ వేపుడు, టమాటా పప్పు, గుత్తివంకాయ, సాంబారు. ఆదివారం మాత్రం ఒక ట్రే పాతకాలం వంటకి వదిలేస్తాం. నాది కోనసీమ, నాతో వంట చేసే ఆవిడది జగిత్యాల వైపు, కాబట్టి ఒక వారం కంద బచ్చలి కూర ఉంటే ఇంకో వారం సర్వపిండి (గిన్నెకి తట్టి కాల్చే బియ్యప్పిండి రొట్టె) ఉంటుంది. ఆ ట్రే ముందు నిలబడి జనం అనే మాటలు రెండు రకాలు. "అబ్బే, ఇది మనుషులు తింటారా?" అనేది ఒకటి. "ఇది తింటే షుగర్ పోతుందట కదా" అనేది రెండోది. నన్నడిగితే ఈ రెండోదే ఎక్కువ చేటు చేస్తోంది. కూరని మందులా కొనుక్కెళ్లినవాళ్లు దాన్ని రెండోసారి వండుకోరు.

అపోహ: రుచి లేదు కాబట్టే ఇవన్నీ మూలపడ్డాయి

చాలావాటి విషయంలో రుచికి వచ్చిన లోటేమీ లేదు. ఆ వంట పుట్టడానికి కావలసిన సరంజామా ఇంట్లోంచి వెళ్లిపోయింది. తరవాణి సంగతే చూడండి. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి, కాస్త అన్నం వేసి పులవనిచ్చి, ఉప్పు, నిమ్మాకు వేసుకునేవాళ్లు. గోదావరి జిల్లాల్లో ఎండాకాలం పొద్దున్నే అందులో అన్నం కలుపుకుని, ఆవకాయ నంజుకుని పనికి పోయేవాళ్లు. తర్వాత ప్రెషర్ కుక్కర్ వచ్చింది. ఎసరు కొలిచి పోయడం అలవాటైంది, అన్నం వార్చడం ఆగింది. గంజే లేని ఇంట్లో తరవాణి ఎక్కణ్నుంచి వస్తుంది? దాన్ని ఎవరూ వద్దనలేదు.

మిగతావాటిదీ ఇదే వరస. దిబ్బరొట్టెకి మూకుడు కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు ఉండేవి. గ్యాస్ స్టవ్ దగ్గర ఆ నిప్పులు లేవు. అరటి దూటకి (అరటి బోదె లోపలి తెల్లటి కాడ) పెరడు కావాలి. గుమ్మడి వడియాలకి డాబా కావాలి, అపార్ట్‌మెంట్ టెర్రస్ తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుంది.

సీమలో, తెలంగాణలో కథ కొంచెం వేరు. అక్కడ జొన్న, కొర్ర, రాగి పక్కకు జరగడానికి బియ్యం అందుబాటులోకి రావడం ఒక పెద్ద కారణం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చేదాకా చాలా ఇళ్లలో తెల్లన్నం పండగ పూట మాటే. చేతికి అందినప్పుడు తిన్నారు, అందులో తప్పేముంది? ఇవాళ సంకటి (రాగిముద్ద) గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లలో చాలామంది, రెండు పూటలా సంకటి తప్ప గతిలేని ఇళ్లలో పెరిగినవాళ్లు కారు.

అపోహ: తెలగపిండి పశువుల దాణా

నువ్వులు గానుగాడి నూనె తీశాక మిగిలే చెక్కే తెలగపిండి. నూనె చాలావరకు పోయినా మాంసకృత్తులు అందులోనే ఉంటాయి. పశువులకీ పెడతారు, నిజమే. ఆ మాటకొస్తే ఉలవలూ ఎడ్లకి పెట్టినవే, ఉలవచారుకి మాత్రం హోటళ్లలో క్యూ కడతాం.

తేడా ఉన్నది సరుకులో. దాణా కోసం ఆడే నువ్వుల్లో మట్టి, ఇసుక ఉన్నా పట్టించుకోరు. కూరకి వాడేది బాగు చేసిన నువ్వులు ఆడినదై ఉండాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ వేసి నూనె లాగేసిన పిండి అసలు వంటింట్లోకే రాకూడదు. కొనేముందు చిటికెడు నోట్లో వేసుకోండి. పంటికి ఇసుక తగిలినా, కనరు వాసన వచ్చినా వదిలేయండి. "తెలగపిండి చేదు" అని చెప్పేవాళ్లలో చాలామంది తిన్నది పాతబడిన పిండి.

వండేటప్పుడు అందరూ తడబడేది నీళ్ల దగ్గర. గ్లాసు పిండికి గ్లాసున్నర నీళ్లు చాలు. నీళ్లలో ఉప్పు, పసుపు, గుప్పెడు మునగాకు వేసి తెర్లనివ్వాలి. ఆకు మెత్తబడ్డాక పిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సెగ బాగా తగ్గించాలి. ఐదారు నిమిషాలకి పిండి నీళ్లన్నీ పీల్చుకుంటుంది. అప్పుడు గరిటె కాడతో పొడుచుకుంటూ కలిపితే పొడిపొడిగా విడిపోతుంది. పోపులో వెల్లుల్లి ధారాళంగా ఉండాలి, నూనె నువ్వుల నూనె అయితేనే కుదురుతుంది. పోపు వేశాక ఇంకాసేపు పొయ్యి మీదే ఉంచి తడి ఆరనివ్వండి. తొందరపడి దించేస్తే ముద్దముద్దగా, పచ్చివాసనతో ఉంటుంది.

బాలింతకి పెడితే పాలు పడతాయా అని చాలామంది అడుగుతారు. పాలు ఎంత పడతాయన్నది ముఖ్యంగా బిడ్డ ఎన్నిసార్లు తాగుతోందన్నదాన్ని బట్టి ఉంటుందని డాక్టర్లు చెబుతారు. తెలగపిండి కూర, వేడన్నం, నెయ్యి కలిసి తల్లికి మంచి భోజనం. నేను చెప్పగలిగేది అంతవరకే. నువ్వులు పడనివాళ్లు ఉంటారు, వాళ్లు దీని జోలికి పోకూడదు.

అపోహ: ఆవ (నూరిన ఆవాల ముద్ద) పెడితే కూర చేదెక్కుతుంది

పెట్టాల్సిన వేళకి పెడితే ఎక్కదు. గోదావరి జిల్లాల పెళ్లి భోజనంలో పనసపొట్టు (సన్నగా కొట్టిన పచ్చి పనసకాయ) కూరకి ఉన్న పేరంతా ఈ ఆవదే. ఆవాలని పొడిగా దంచితే పెద్దగా ఘాటుండదు. తడి తగిలి నలిగినప్పుడు గింజలోని ఎంజైమ్ పనిచేసి ఆ ముక్కునంటే ఘాటు పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమూ పోతుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది, చేదు ఒక్కటీ మిగులుతుంది. అందుకే అరగంట నానబెట్టిన ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కలిపి మెత్తగా నూరి పక్కన పెట్టుకుని, కూర దించి, వేడి తగ్గి గోరువెచ్చగా అయ్యాక కలపాలి. కలిపిన కూరని మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు. మా దగ్గర పార్సిల్ ఇచ్చేటప్పుడు "మైక్రోవేవ్‌లో పెట్టకండి" అని ప్రతి ఒక్కరికీ చెబుతాం. సగం మంది పెట్టేస్తారు, మర్నాడు ఫోన్ చేసి చేదుగా ఉందంటారు.

పనసపొట్టు కొట్టడం మాత్రం ఒక విద్యే, దాన్ని తేలిక అని అబద్ధమాడను. చేతులకి, కత్తికి నూనె రాసుకున్నా జిగురు వదలదు. రాజమండ్రి వైపు మార్కెట్లో కొట్టిన పొట్టే అమ్ముతారు. అది దొరికేవాళ్లు పెట్టిపుట్టారు.

అపోహ: కంద తింటే గొంతు దురద ఖాయం

కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, దురద వాటివల్లే. చెక్కు తీసేటప్పుడు చేతులు పొడిగా ఉంచి నూనె రాసుకోవాలి. ముక్కలు పూర్తిగా మెత్తబడేదాకా ఉడకాలి, చింతపండు పులుసు తగ్గకూడదు. కంద బచ్చలిలో ఆ పులుపు రుచి కోసం మాత్రమే ఉందనుకుని తగ్గిస్తే గొంతు పట్టుకుంటుంది. ఇంకో సంగతి: బచ్చలిలోనూ ఆక్సలేట్ ఎక్కువే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఇది తినొద్దు. మా కౌంటర్ దగ్గర ఈ మాట చెప్పడం వల్ల అప్పుడప్పుడూ ఒక పార్సిల్ తగ్గుతుంది. తగ్గనీండి.

అపోహ: చద్దన్నం విషం / చద్దన్నం అమృతం

ఒకే తిండి మీద రెండు వాట్సాప్ మెసేజ్‌లు, రెండూ ఒకే గ్రూపులో వస్తాయి.

వండిన అన్నంలో కూడా బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బతికే ఉండొచ్చు, ఉడికించినంత మాత్రాన అవి చావవు. అన్నాన్ని కుక్కర్‌లోనే గోరువెచ్చగా రాత్రంతా వదిలేస్తే అవి మొలకెత్తి పెరుగుతాయి, కొన్ని రకాల విషం మళ్లీ వేడి చేసినా పోదు. పొద్దున్న ఆ అన్నాన్నే తాలింపు పెట్టి, నిమ్మకాయ పిండుకుని తింటాం, వాంతులయితే నిమ్మకాయని తిట్టుకుంటాం. చద్దన్నం చేసే పద్ధతి అది కాదు. అన్నం వేడి చల్లారగానే వెడల్పు గిన్నెలోకి తీసి, కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేయాలి. తెల్లారేసరికి తోడుకుని కమ్మటి పులుపు ఎక్కుతుంది. ఆ పులుపు చెడు బాక్టీరియాని చాలావరకు అణిచిపెడుతుంది. హైదరాబాద్ మే నెల వేడికి పొద్దున్నే తినేయాలి, లేదా తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. చంటిపిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో ఉన్నవాళ్లకి వేడన్నమే మేలు.

ఇక అమృతం సంగతి. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అంత తేలిగ్గా అరగని రకంగా మారుతుంది, అది నిజం. పులిసినందువల్ల ఉన్న ఖనిజాలు కొంత బాగా ఒంటబట్టవచ్చు, అదీ నిజం. కానీ రాత్రంతా నానబెడితే ఐరన్ ఇరవై రెట్లు పెరుగుతుందనే మాట చూసి నవ్వొస్తుంది. లేని ఇనుము గిన్నెలోకి ఎక్కణ్నుంచి వస్తుంది?

అపోహ: సంకటి ఎంత తిన్నా షుగర్ పెరగదు

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటినుంచి ఈ మాట మరీ ఊపందుకుంది. 100 గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం 70 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, బియ్యంలో 78 దాకా. తేడా ఉంది, కానీ అరసేరు ముద్ద మింగేంత తేడా కాదు. పైగా సీమ సంకటిలో బియ్యమో, నూకలో ఉంటాయి. అదీ జావ కారేలా మెత్తగా ఉడికినవి. రాగి నిజంగా గొప్పది కాల్షియంలో: 100 గ్రాములకి 340 నుంచి 360 మిల్లీగ్రాములు, అదే బరువు పాలలో 120 దాకా. దాన్ని ఆ గొప్పకోసం తినండి, ఆకుకూర పప్పుతోనో నాటుకోడి పులుసుతోనో తినండి, షుగర్ మాత్ర మాత్రం మానకండి.

ఉండలు కడుతోందని వదిలేసినవాళ్లకి ఒక మాట. పిండిని నీళ్లలో చల్లుతూ కలపడం వల్లే ఆ ఇబ్బంది. నూకలు మెత్తగా ఉడికి, ఇంకా నీళ్లు పైకి తేలుతున్నప్పుడు పిండిని మధ్యలో గుట్టగా పోసి, కట్టెతో గుట్టలో ఒకటి రెండు బొక్కలు పెట్టి, మూత పెట్టి, సన్న సెగ మీద పది నిమిషాలు వదిలేయాలి. ఆవిరికి పిండి లోపలే ఉడుకుతుంది. తర్వాత దించి, గిన్నెని కాళ్లతో అదిమిపట్టి కెలకడమే.

అపోహ: ఇవన్నీ వేల ఏళ్లనాటి వంటలు

మిరపకాయ, వేరుశనగ, టమాటా, బంగాళాదుంప అన్నీ అమెరికా ఖండాలనుంచి వచ్చినవి. వాస్కోడగామా 1498లో కాలికట్‌లో దిగాక పోర్చుగీసు ఓడల రాకపోకలతో మిరప మనదాకా చేరింది. అంతకుముందు కారమంటే మిరియమే. ఇప్పటికీ చాలా ఇళ్లలో తద్దినం వంటలో మిరపకాయ పడదు, మిరియాల కారమే వాడతారు. పల్లీలు, పచ్చిమిర్చి వేసిన సర్వపిండిని "వేదకాలంనాటిది" అని బోర్డు పెట్టి అమ్మేవాళ్లని చూశాను. మూడు నాలుగు తరాలుగా ఇంట్లో నిలిచింది చాలదా, అబద్ధపు వయసు ఎందుకు?

అపోహ: పాతవంటలకి రోజంతా పడుతుంది

కొన్నింటికి పడుతుంది, ఉలవచారు అలాంటిదే. కానీ తెలంగాణ పచ్చిపులుసుకి పొయ్యితో పని మిరపకాయలు కాల్చడానికి, నువ్వులు వేయించడానికి, పోపుకి తప్ప లేదు. చింతపండు రసం పిసికి, ఉల్లిపాయ ముక్కలు, నువ్వుల పొడి, కాస్త బెల్లం కలిపితే పది నిమిషాల పని. సర్వపిండికి పిండి కలపడం ఐదు నిమిషాలే. మెలకువ గిన్నె దగ్గర ఉంది: మొదటి రొట్టె తీశాక గిన్నెని బోర్లించి నీళ్లు పోసి పూర్తిగా చల్లార్చాకే రెండోది తట్టాలి. వేడి గిన్నెకి పిండి అంటుకోదు, చెయ్యి మాత్రం కాలుతుంది. మా వంటావిడ రెండు గిన్నెలు మార్చి మార్చి వాడుతుంది.

అపోహ: ఉలవచారంటే చిక్కటి గ్రేవీ

కాదు. ఉలవలు ఉడికిన కట్టుని (ఉడికించిన నీళ్లని) చింతపండుతో మరగకాచిన చారు అది. కొన్నిచోట్ల కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరుస్తారు, నాలుకకి జిగురు తగిలితే అదే. మీగడ వేసుకోవడం మీ ఇష్టం, మా ఇంట్లో వెన్న.

అపోహ: అమ్మమ్మది చేతి కొలత, మనకి పట్టుబడదు

వాళ్లకి కొలతలు బ్రహ్మాండంగా ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఏ పప్పుకి ఏ గిన్నె అన్నది ఖాయం. ఆ గిన్నెలు పాత సామాన్లవాడికి వేసేసి, ఇప్పుడు వంట రావడం లేదంటాం. ఇంట్లో పెద్దావిడ ఉంటే "ఎంత వెయ్యాలి?" అని అడగొద్దు, "కొంచెం" అనే అంటుంది. ఆవిణ్ని వండమని, పక్కన కిచెన్ త్రాసు పెట్టుకోండి. వంటకి ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, పిండి డబ్బా తూచి రాసుకోండి, అయ్యాక మళ్లీ తూచండి. తేడా ఎంతో అదే ఆవిడ "కొంచెం". నీళ్లకీ అంతే, చెంబుతో పోస్తుంటే ఆ చెంబు ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో తర్వాత కొలుచుకోండి. ఒకే వంటని రెండుసార్లు ఇలా తూచితే సరిపోతుంది. వీడియో తీసేవాళ్లు ఆవిడ ముఖం కాకుండా గిన్నె కనబడేలా ఫోన్ పెట్టండి.